పదకొండు టోపీలు, ఒకటే తల

ప్రశ్న: నా వయసు 38. సొంతూరు గుంటూరు. పన్నెండేళ్లుగా డాలస్‌లో ఉద్యోగం. మా తాతగారు రైల్వేలో గార్డుగా చేశారు. బెండుతో చేసిన సోలా టోపీ పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఆయన ఫొటో ఒకటి మా హాల్లో ఉండేది. దాన్ని చూస్తూ పెరగడం వల్లేమో, నాకు టోపీలంటే పిచ్చి. మూడేళ్లుగా పాత సామాన్ల అమ్మకాల్లో, ఆన్‌లైన్‌లో కొని 11 పోగేశాను. ఏడు ఫెల్ట్‌వి (ఉన్నినో బొచ్చునో ఒత్తి చేసినవి), నాలుగు గడ్డివి. ఒకే ఒక్కసారి ఆఫీసుకు పెట్టుకెళ్తే "ఇవాళ ఎవరికి టోపీ పెడుతున్నావ్?" అని మనవాళ్లే నవ్వారు. మళ్లీ పెట్టుకోలేదు. మొన్న జూలైలో కారు వెనకద్దం దగ్గర మర్చిపోయిన గోధుమరంగు ఫెల్ట్ టోపీ బిగుసుకుపోయింది, అంచు వంకర్లు తిరిగింది. ఒక పనామా గడ్డి టోపీ ముందు నొక్కు దగ్గర చీలింది. వీటిని ఇంట్లోనే ఆవిరి పట్టి సరిచేసుకోవచ్చా? పాతవి కొనేటప్పుడు ఏం చూడాలి? డిసెంబరులో నాన్న వస్తున్నారు, ఆయనకు ఒకటి ఇవ్వాలని ఉంది. ఏది ఇవ్వమంటారు?
— ఒక పాఠకుడు, డాలస్

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది కారులో పాడైన టోపీ కాదు. మిగతా తొమ్మిదీ బాగానే ఉండి కూడా పెట్టెల్లో ఉండటం. కొనడం మీద ఉన్న శ్రద్ధ పెట్టుకోవడం మీద కూడా పెట్టండి, మీ ప్రశ్నల్లో సగం వాటంతటవే తీరిపోతాయి. ఇది నేను నష్టపోయి తెలుసుకున్న సంగతి. నాకు బాగా నచ్చిన బూడిదరంగు ఫెడోరా, అంటే నెత్తిన గాడి, చుట్టూ అంచు ఉన్న ఫెల్ట్ టోపీ, ఒకటి ఉండేది. దుమ్ము పడుతుందని, ఎండకు వెలిసిపోతుందని రెండేళ్లు అట్టపెట్టెలో దాచాను. ఒక పెళ్లికి తీసి చూస్తే అంచు నిండా గుండుసూది మొనంత చిల్లులు. బట్టలు కొట్టే పురుగు తినేసింది. దానికి చీకటి, కదలిక లేని చోటు, జంతువు వెంట్రుక కావాలి. ఆ మూడూ నేనే అమర్చి పెట్టాను. వారానికోసారి బయటికి తీసి, బ్రష్ చేసి, తలకు పెట్టుకునే టోపీ జోలికి ఆ పురుగు సాధారణంగా రాదు.

నవ్విన వాళ్ల సంగతి ముందు చెప్తాను. తలకు సరిపోని టోపీ ఎవరు పెట్టుకున్నా అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. పైకి తేలి ఉంటుంది, లేదా చెవుల మీదికి జారుతుంది. మనం దాన్ని పదేపదే సర్దుకుంటాం, ఎదుటివాళ్ల కన్ను అక్కడే పడుతుంది. అందుకని ముందు మీ తల కొలుచుకోండి. దర్జీ టేపు తీసుకుని నుదుటి మధ్యగా, చెవులకు ఒక వేలు పైగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టండి. 57 సెంటీమీటర్లు వస్తే అమెరికా సైజు 7 1/8, 58 అయితే 7 1/4, 59 అయితే 7 3/8. ఇంగ్లండ్ టోపీ మీద అదే తలకు అంకె ఒక ఎనిమిదో వంతు తక్కువ ఉంటుంది. అంటే 58 సెంటీమీటర్ల తలకు అక్కడ 7 1/8. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

సైజు సరిపోయినా టోపీ కూర్చోకపోవచ్చు. తలలన్నీ ఒకే ఆకారంలో ఉండవు కదా. నుదుటి దగ్గర నొక్కుతూ, కణతల దగ్గర వేలు దూరేంత సందు ఉంటే మీది పొడుగు తల, టోపీది గుండ్రటి అచ్చు. దానికి కంగారేం లేదు. లోపలి తోలు పట్టీ వెనకాల, కణతల దగ్గర, మడిచిన కాగితమో సన్నటి ఫోమ్ ముక్కో దూర్చండి. ఒక గంట పెట్టుకుని తిరిగితే ఎక్కడ తక్కువైందో, ఎక్కడ ఎక్కువైందో తెలిసిపోతుంది. మీ 11 టోపీలకూ ఈ పరీక్ష చేయండి. నా అంచనా ప్రకారం నాలుగో ఐదో నిలుస్తాయి. మిగిలినవి ఎంత అందంగా ఉన్నా అమ్మేయండి, లేదా ఆ సైజు తల ఉన్న స్నేహితుడికి ఇచ్చేయండి.

ఆ తర్వాత ఆఫీసుకు కాదు, ఆదివారం పొద్దున కూరగాయలకు పెట్టుకెళ్లండి. మీరుండేది టెక్సస్‌లో. అక్కడ అంచు ఉన్న టోపీ పెట్టుకున్న మనిషిని చూసి ఎవరూ వెనక్కి తిరగరు. గుమ్మం దాటి లోపలికి వెళ్లేటప్పుడు, భోజనానికి కూర్చున్నప్పుడు, జాతీయగీతం పాడేటప్పుడు, గుడిలో టోపీ తీయాలి. తీసిన టోపీని అంచు కిందికి వచ్చేట్టు బల్ల మీద పెట్టకండి. బోర్లా కాకుండా వెల్లకిలా, నెత్తి భాగం కింద ఉండేట్టు పెట్టండి. లేకపోతే అంచు బల్లకు ఒత్తుకుని దాని వంపు పోతుంది. నెల రోజులు ఇలా తిరిగాక ఆఫీసుకు పెట్టుకెళ్లి చూడండి. అప్పటికి అది మీ చెప్పులంత, మీ కళ్లజోడంత మామూలైపోతుంది, మీరు దాన్ని సర్దుకోవడం మానేస్తారు. నవ్వడానికి వాళ్లకు ఏమీ దొరకదు.

ఇక ఆవిరి సంగతి. ఇంట్లో చేసుకోవచ్చా అంటే, నిస్సందేహంగా చేసుకోవచ్చు. కాకపోతే ఆవిరి లోపల ఏం చేస్తుందో తెలిసి చేయాలి. ఫెల్ట్ నేసిన గుడ్డ కాదు. అందులో పడుగూ పేకా ఉండవు. కుందేలు, బీవర్ లాంటి జంతువుల మెత్తటి లోపలి బొచ్చునో, గొర్రె ఉన్నినో వేడి, తడి, ఒత్తిడి పెట్టి ఒకదానిలో ఒకటి చిక్కుకునేట్టు చేస్తే ఏర్పడే దట్టమైన పొర అది. ఆ వెంట్రుక వేడిగా, తడిగా ఉన్నప్పుడు మెత్తబడి చెప్పినట్టు వింటుంది. చల్లారాక ఏ రూపంలో ఉంటే ఆ రూపంలో నిలబడిపోతుంది. కౌబాయ్ టోపీల్లాంటి గట్టి వాటికి దీనికి తోడు లక్క కూడా పట్టిస్తారు. అవును, మన లక్కే. ఏటికొప్పాక బొమ్మల వాళ్లు తిరిగే కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి రంగు ఎలా అంటుకుంటుందో, చల్లారగానే ఎలా గట్టిపడుతుందో చూసే ఉంటారు. టోపీలో జరిగేది కూడా అదే. ఆవిరికి లక్క మెత్తబడుతుంది, మీరు వంచుతారు, చల్లారి బిగుస్తుంది.

మీ గోధుమరంగు టోపీ విషయానికి వస్తే, అందులో ముందు కుంచించుకుపోయింది లోపలి తోలు పట్టీ. ఎండలో మూసి ఉన్న కారు వేడికి తోలులోని తేమ ఆరిపోయి అది దగ్గరికి ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ తనకు కుట్టి ఉన్న ఫెల్ట్‌ను కూడా లోపలికి లాగుతుంది, అందుకే అంచు అలలు తిరుగుతుంది. పట్టీని మెల్లగా బయటికి తిప్పి రెండు వేళ్ల మధ్య వంచి చూడండి. వంగితే ఆశ ఉంది. టోపీని సాగదీసే చెక్క పరికరం ఒకటి దొరుకుతుంది, మధ్యలో మర తిప్పితే రెండు ముక్కలూ విడిపోతాయి. ఫెల్ట్‌కు కొద్దిగా ఆవిరి చూపించి, దాన్ని లోపల పెట్టి, చేతికి బిగుతు తగిలేదాకా తిప్పి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఇంకొంచెం. ఒకేసారి బలవంతం చేస్తే కుట్టు దగ్గర తోలు చిరుగుతుంది. వంచగానే పెళపెళమని విరిగే తోలు మాత్రం మళ్లీ మెత్తబడదు. పట్టీ మార్పించాల్సిందే. అది చేయి తిరిగిన టోపీల పనివాడి పని, మీరు ముట్టుకోవద్దు.

ఆకారం ఇవ్వడం ఎలాగో వివరంగా చెప్తాను. టీ కెటిల్‌లో నీళ్లు బాగా మరగనివ్వండి. కెటిల్ మూతికి ఒక జానెడు దూరంలో టోపీని రెండు చేతులతో అంచు పట్టుకుని తిప్పుతూ ఉండండి. ఒకే చోట ఆపొద్దు. పదిహేను, ఇరవై సెకన్లకు ఫెల్ట్ వేలికి తడిబట్టలా కాకుండా, వేడి దోసెలా మెత్తగా తగులుతుంది. అదే అదును. నీటి చుక్కలు కనిపించాయంటే ఆవిరి ఎక్కువైంది, చుక్క ఎండిన చోట మరక మిగులుతుంది. పక్కకు తీసి, అరచేతి అంచుతో నెత్తి మీద ముందు నుంచి వెనక్కు పొడవుగా గాడి నొక్కండి. లోపలి చేయి కింద నుంచి ఆసరా ఇవ్వాలి. తర్వాత ముందు భాగంలో రెండు పక్కలా బొటనవేలు, మిగతా వేళ్ల మెత్తటి భాగంతో లోపలికి నొక్కి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. గోళ్లు తగలకూడదు. అర నిమిషం ఓపిక పట్టలేక చేయి తీసేవాళ్లకే ఆకారం నిలవదు. నచ్చలేదా, మళ్లీ ఆవిరి చూపించి నొక్కు విప్పేయండి. మొదటిసారి పాత టోపీ మీద, అదీ చవకలో కొన్నదాని మీద చేయి తిప్పుకోండి. వంకర తిరిగిన అంచుకు కూడా ఇదే పద్ధతి. ఆవిరి పట్టి, బల్ల అంచున ఆనించి, వేళ్లతో చుట్టూ లాగుతూ రండి. ఇంకా టెన్షన్‌గా ఉంటే మీ దగ్గర్లో కౌబాయ్ టోపీలు అమ్మే కొట్టుకు వెళ్లండి, అక్కడ ఆవిరి యంత్రం పెట్టుకుని టోపీకి నొక్కులు వేసేవాళ్లుంటారు. పక్కన నిలబడి ఒక టోపీ పూర్తయ్యేదాకా చూస్తే నేను రాసిన దానికంటే ఎక్కువ తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఒకప్పుడు బొచ్చు బాగా చిక్కుకునేందుకు దానికి పాదరసపు ద్రావణం పట్టించేవారు. టోపీల పరిశ్రమకు పేరుపడ్డ కనెక్టికట్‌లోని డాన్‌బరీలో పనివాళ్లకు ఆ పాదరసం వల్ల చేతులు వణికే జబ్బు వచ్చేది. ఊరి పేరు మీదే దాన్ని 'డాన్‌బరీ వణుకు' అనేవారు. అమెరికాలో 1941 డిసెంబరులో ఆ వాడకం ఆగింది. మ్యూజియాల్లో దాచిన పాత ఫెల్ట్ టోపీల్లో ఆ పాదరసం ఇప్పటికీ కనిపిస్తోంది. కాబట్టి అంతకుముందు కాలానిదని అనుమానం ఉన్న టోపీకి ఇంట్లో ఆవిరి పట్టకండి, పిల్లల తలకు పెట్టకండి. దాన్ని అద్దాల బీరువాలో ఉంచి చూసుకోవడమే మంచిది. తలకు పట్టినవన్నీ పెట్టుకోండి అనే నా మాటకు మినహాయింపు ఇదొక్కటే.

పాతవి కొనేటప్పుడు నేనేం చూస్తానంటే, మొదట వాసన. బూజు వాసన పట్టిన టోపీ ఎంత ఉతికినా, ఎంత ఆరబెట్టినా ఆ వాసన వదలదు. తర్వాత కిటికీ వైపు ఎత్తి లోపలి నుంచి చూస్తాను. పురుగు కొట్టిన చోట సూది బెజ్జంలా వెలుగు కనిపిస్తుంది. ఆ తర్వాత తోలు పట్టీ బయటికి తిప్పుతాను. పాత టోపీల్లో పట్టీ వెనకాల సైజు రాసిన చిన్న కాగితం ముక్క ఉంటుంది. దాన్ని చదవండి కానీ నమ్మకండి. యాభై, అరవై ఏళ్లలో టోపీ కుంచించుకుపోయి ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లను లోపల టేపు పెట్టి తీసిన ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

ఫెల్ట్ ఉన్నిదా, బొచ్చుదా అన్నది ముట్టుకుంటే తెలుస్తుంది. కుందేలు, బీవర్ బొచ్చుది పల్చగా ఉన్నా గట్టిగా ఉంటుంది, వేలితో నిమిరితే పట్టులా జారుతుంది, వాన చినుకు దాని మీద ముత్యంలా నిలుస్తుంది. ఉన్నిది కాస్త మందంగా, మొరటుగా తగులుతుంది, వానలో తడిస్తే అంచు వాలిపోతుంది. డబ్బు పెట్టదలిస్తే బొచ్చుదానికే పెట్టండి. కౌబాయ్ టోపీల లోపల కనిపించే ఎక్స్ గుర్తుల లెక్క చూసి మోసపోవద్దు. అవి ఎక్కువైతే నాణ్యత ఎక్కువ అన్నది ఒకే కంపెనీ టోపీల మధ్య పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఒక కంపెనీ లెక్కకూ ఇంకో కంపెనీ లెక్కకూ పొంతన ఉండదు. జాన్ స్టెట్సన్ 1865లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన స్టెట్సన్ టోపీలు ఇప్పుడు తయారయ్యేది మీ పక్కనే ఉన్న గార్లండ్‌లో. ఫిలడెల్ఫియా ముద్ర ఉన్నది దొరికి, మీ తలకు పట్టి, తోలు మెత్తగా ఉంటే వదలకండి. ఇటలీలోని అలెస్సాండ్రియాలో 1857 నుంచి ఉన్న బోర్సలినో కూడా అంతే. ఆ ఫెల్ట్ మెత్తదనం చేతికి అలవాటైతే వేరేవి నచ్చడం కష్టం.

గడ్డి టోపీల దగ్గరకొస్తే, పనామా టోపీ పనామాది కాదు, ఈక్వడార్‌ది. పనామా కాలువ తవ్వకానికి ముందే, ఆ దారిన బయటి దేశాలకు అమ్ముడుపోయి ఆ పేరు స్థిరపడింది. 1906లో కాలువ పనులు చూడటానికి వెళ్లిన అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ టోపీతో దిగిన ఫొటోలు దానికి ఇంకా పేరు తెచ్చాయి. టొకియా అనే మొక్క లేత ఆకుల్ని చీల్చి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నెత్తి మధ్య నుంచి మొదలుపెట్టి అంచు దాకా చేత్తో అల్లుతారు. మోంటెక్రిస్టి అనే ఊరి అల్లిక అన్నిటికంటే సన్నం. ఈ నేత విద్యను 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మన తాటాకు పనివాళ్లను అడగండి, ఆకు ఆరిపోతే విరుగుతుందని, కొంచెం పదును ఉంటేనే వంగుతుందని చెప్తారు. మీ పనామా చీలింది కూడా అందుకే. డాలస్ ఎండ, ఇంట్లో రాత్రీపగలూ ఏసీ, దానికి తోడు ముందు నొక్కు పట్టుకుని తీయడం, పెట్టడం. చాలామంది అలాగే పట్టుకుంటారు, రోజూ అదే చోట మడత పడి ఒకరోజు విరుగుతుంది. ఏ టోపీనైనా రెండు చేతులతో, ముందూ వెనకా అంచు పట్టుకుని తీయడం అలవాటు చేసుకోండి.

చీలిక చిన్నదైతే లోపలి వైపు నుంచి పల్చటి పత్తిగుడ్డ ముక్క, బట్టలకు వాడే జిగురుతో అంటిస్తే ఇంకా పెరగకుండా ఆగుతుంది. కనిపిస్తుంది, అయినా పెట్టుకోవచ్చు. మిగతా వాటిని కాపాడుకోవాలంటే స్నానం చేశాక ఆవిరి నిండిన బాత్రూంలో పావుగంట ఉంచండి, పదిహేను రోజులకోసారి చాలు. చుట్టి గొట్టంలో పెట్టుకోవచ్చని అమ్మేటప్పుడు చెప్తారు. చుట్టకండి. చవకగా దొరికే తెల్లటి టోపీల్లో చాలావాటికి గడ్డే ఉండదు, అవి మెలితిప్పిన కాగితంతో చేసినవి. వాటికి నీళ్లు తగలనివ్వకండి.

పాశ్చాత్యుల్లో గడ్డి టోపీ వేసవికి, ఫెల్ట్ చలికి అనే నియమం ఎంత గట్టిగా ఉండేదంటే, 1922 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కాలం దాటాక గడ్డి టోపీ పెట్టుకున్నవాళ్ల టోపీలు కుర్రకారు లాగి తొక్కేస్తే అది అల్లర్ల దాకా పోయింది. మీరు అంత పట్టించుకోనక్కర్లేదు. ఎండ ఎలా ఉందో చూసి పెట్టుకోండి.

మన తలల గురించి ఇంకో మాట. కొబ్బరినూనె రాసుకున్న రోజు ఫెల్ట్ టోపీ పెట్టుకోవద్దు. నూనె తోలు పట్టీ దాటి రిబ్బన్ దాకా పాకుతుంది, ఆ చార పోదు. అప్పటికే లేతరంగు ఫెల్ట్‌కు అంటి ఉంటే మొక్కజొన్న పిండి చల్లి, రాత్రంతా ఉంచి, మెత్తటి బ్రష్‌తో దులపండి. ఒకసారికి పోకపోతే మళ్లీ చల్లండి. బ్రష్ ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిప్పాలి, నూగు అటే పడుకుని ఉంటుంది. వానలో తడిస్తే విదిలించి, తోలు పట్టీ బయటికి తిప్పి, గది గాలికే ఆరనివ్వండి. హెయిర్ డ్రయర్ వద్దు. పురుగు అనుమానం ఉన్న టోపీని ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వండి. నా బూడిదరంగు టోపీకి ఇది తెలిసే సరికే ఆలస్యమైంది.

మీ తాతగారి సోలా టోపీ అటు ఫెల్టూ కాదు, ఇటు గడ్డీ కాదు. చిత్తడి నేలల్లో పెరిగే మొక్క బెండుతో చేసింది. చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. ఆ టోపీ మీ ఇంట్లో ఎక్కడైనా ఉందేమో నాన్నగారిని అడగండి. ఉంటే దానికి ఆవిరీ, తడీ ఏదీ చూపించొద్దు. పొడి బ్రష్‌తో దులిపి, పొడిగా ఉన్న చోట పెట్టించండి.

నాన్నగారికి ఏది ఇవ్వాలంటారా. డిసెంబరు డాలస్‌కు ఫెల్ట్ బాగుంటుంది, కానీ ఆయన తిరిగి వెళ్లేది గుంటూరు ఎండల్లోకి. అక్కడ ఫెల్ట్ బీరువాకే పోతుంది. మీ నాలుగు గడ్డి టోపీల్లో చీలనిది, అంచు రెండున్నర అంగుళాలకు తగ్గనిది ఇవ్వండి. డాలస్‌లో ఉన్నన్నాళ్లు సాయంత్రం నడకకు మీ ఫెల్ట్‌ల్లో ఒకటి వాడుకుంటారు. ఈ వారమే ఫోన్ చేసి ఆయన తల కొలత అడగండి. ఇంట్లో టేపు లేకపోతే దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరిచి చెప్పమనండి. రెండుసార్లు కొలవమనండి. టోపీ కాస్త పెద్దదైనా ఫర్వాలేదు, పట్టీ వెనక కాగితం పెట్టొచ్చు. గడ్డి టోపీ చిన్నదైతే మాత్రం సాగదు. వెళ్లేటప్పుడు విమానంలో పెట్టెలో పెట్టొద్దు, తల మీదే పెట్టుకుని వెళ్లమనండి. తప్పదంటే నెత్తి భాగంలో మేజోళ్లు కుక్కి, చేతిసంచిలో బట్టల మధ్య వెల్లకిలా పెట్టి, అంచు చుట్టూ చొక్కాలు సర్దండి.

మీ గోధుమరంగు టోపీ తోలు వంగిందో లేదో నాకు మళ్లీ రాయండి.